కోపం కింద ఏముందో చూపించిన కౌన్సెలింగ్: పర్లాకిమిడి నుంచి బరంపురానికి ఐదుసార్లు

నాకు ఒడిశాలోని పర్లాకిమిడిలో టైలరింగ్ షాపు ఉంది. పద్దెనిమిదేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. ఈ వేసవిలో రెండున్నర నెలల వ్యవధిలో ఐదుసార్లు బరంపురం వెళ్లి కోపం గురించి కౌన్సెలింగ్ తీసుకున్నాను. మా వైపు వాళ్లు ఎవరైనా వెళ్దామా వద్దా అని ఆలోచిస్తుంటే పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను. ఆ మేడమ్ పేరు, క్లినిక్ పేరు రాయడం లేదు. మెచ్చుకున్నవీ నచ్చనివీ రెండూ చెప్పాలనుకున్నాను కాబట్టి పేరు లేకపోతేనే బాగుంటుంది.

ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో ముందు చెప్తాను. మా షాపులో పని నేర్చుకునే పిల్ల ఒకర్తి ఉంది, పంతొమ్మిదేళ్లు. ఒకరోజు లైనింగ్ జాకెట్టుకి హుక్కులు ఎడమవైపు కుట్టాల్సింది కుడివైపు కుట్టేసింది. విప్పి మళ్లీ కుడితే పావుగంట పని. నలుగురు కస్టమర్లు కూర్చుని ఉండగా ఆ జాకెట్టు దాని ఒళ్లోకి విసిరి, "కళ్లు ఎక్కడ పెట్టుకుని కుడుతున్నావు" అని గట్టిగా అరిచాను. ఇంకా చాలా అన్నాను. ఆ పిల్ల టిఫిన్ డబ్బా తెరవకుండానే ఇంటికి వెళ్లిపోయింది. మూడో రోజు వాళ్లమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. "మా గుంట రెండ్రోజుల్నించి అన్నం సరిగ్గా తింటం లేదమ్మా, ఏటనీసినావు?" అంది. ఆవిడ గొంతులో నా మీద కోపం లేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

మా కస్టమర్లలో ఒక నర్సు ఉంది. ఆవిడే బరంపురంలో ఈ మేడమ్ గురించి చెప్పింది. తెలుగు వచ్చు, తొందరపెట్టదు అంది. మా ఆడపడుచు మాత్రం "కోపానికి కూడా డాక్టరా వదినా?" అని నోరు నొక్కుకుంది.

వెళ్లడం గురించి. మా ఊరి నుంచి పలాసకి బస్సు, అక్కడి నుంచి రైలు. సోంపేట, ఇచ్ఛాపురం దాటితే బరంపురం. పొద్దున్నే బయల్దేరితే చీకటి పడేసరికి ఇంటికి చేరొచ్చు, కానీ ఆ రోజు షాపు మూసినట్టే. క్లినిక్ ఒక మేడ మీద ఉంది. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్న వాళ్లకి కష్టం. సిట్టింగుకి 600 రూపాయలు, సుమారు యాభై నిమిషాలు. ఐదుసార్లకి ఫీజు మూడు వేలు, దారి ఖర్చులు వేరే.

మొదటిరోజు నచ్చనిది ఒకటి జరిగింది. వెయిటింగ్ హాల్లో ఎనిమిది మంది ఉన్నారు. రిసెప్షన్ అబ్బాయి నా పేరు పిలిచి, "కోపం కేసు, మీరే కదా?" అని అందరూ వినేలా అడిగాడు. నాకు చెవులు వేడెక్కిపోయాయి. ఆ క్షణంలో వెనక్కి వెళ్లిపోదామనుకున్నాను. లోపలికి వెళ్లగానే మేడమ్‌తో మొదట చెప్పింది ఇదే. ఆవిడ సర్ది చెప్పే ప్రయత్నం చేయలేదు. క్షమించమని అడిగి, నా ఎదుటే ఆ అబ్బాయిని పిలిచి ఇకమీదట నంబరుతో పిలవమన్నారు. రెండోసారి వెళ్లినప్పుడు నంబరుతోనే పిలిచాడు. అయినా ఇది మొదటిరోజు నుంచే ఉండాల్సిన పద్ధతి. అందుకే ఒక మార్కు తీసేస్తున్నాను.

ఫారం ఒడియాలో, ఇంగ్లీషులో మాత్రమే ఉంది. నేను స్కూల్లో ఒడియా చదువుకున్నాను కాబట్టి నింపగలిగాను. బరంపురంలో ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నప్పుడు తెలుగులో ఒక కాగితం పెట్టడం పెద్ద పని కాదు. ఆ ఫారంలో ఒక గడి దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. వారానికి ఎన్నిసార్లు "రాగ" వస్తుంది అని ఉంది. ఒడియాలో రాగ అంటే కోపం. చిన్నప్పటి నుంచి రెండు భాషలూ మాట్లాడుతున్నాను, కానీ మనకి రాగం అంటే పాట, అనురాగం అంటే ప్రేమ, పక్క వీధిలో అదే మాటకి కోపం అని అర్థం ఉందని ఎప్పుడూ ఆగి ఆలోచించలేదు.

మొదటి సిట్టింగులో కోపం గురించి ఆవిడ అడిగింది తక్కువ. నిద్ర ఎన్ని గంటలు, అన్నం ఎన్నింటికి, నెలసరి క్రమంగా వస్తోందా, బీపీ, షుగర్, థైరాయిడ్ ఎప్పుడు చూపించుకున్నారు, ఇవే అడిగారు. నాకు నలభై ఆరు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, నెలసరి ఆగిపోయే ముందు రోజుల్లోనైనా, షుగర్ పడిపోయినా మనిషికి చిరాకు పెరుగుతుందట. మగవాళ్లలో కొందరికి డిప్రెషన్ ఏడుపుగా కాకుండా విసుగుగా, కోపంగా బయటపడుతుందని కూడా చెప్పారు. ముందు పరీక్షలు చేయించుకుని రమ్మన్నారు. మాటలతో తగ్గేదానికి మాటలు, మందు కావాల్సినదానికి డాక్టరు అని తేల్చి చెప్పారు. డబ్బులు తీసుకుని కూర్చోబెట్టే మనిషి కాదని అప్పుడే నమ్మకం కుదిరింది. నా రిపోర్టులు బాగానే ఉన్నాయి. పగలు పన్నెండు నుంచి నాలుగు దాకా ఏమీ తినకుండా మిషను మీద కూర్చోవడం మాత్రం మానేయమన్నారు.

రెండో సిట్టింగుకి ఒక పని ఇచ్చి పంపారు. కోపం వచ్చిన ప్రతిసారీ నాలుగు విషయాలు రాయాలి: ఏం జరిగింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది, అరవడానికి సరిగ్గా ముందు క్షణం లోపల ఏముంది, ఆ సమయంలో నాకేం కావాలనిపించింది. విడిగా పుస్తకం కొనలేదు, కొలతల పుస్తకం వెనక పేజీల్లోనే రాశాను. ముందు పేజీల్లో ఛాతీ, నడుము, చేతి పొడవు. వెనక పేజీల్లో ఇవి. మొదటి వారంలో మూడో గడి అన్నిసార్లూ ఖాళీగా ఉంది. ముందు క్షణం అంటూ ఒకటి ఉంటుందనే నాకు తెలియదు.

ఆ హుక్కుల సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నారు మేడమ్. మెల్లగా, సినిమా స్లోగా తిప్పినట్టు. చెప్పాను. పిల్ల జాకెట్టు ఇచ్చింది, నేను చేతిలోకి తీసుకున్నాను, చూశాను... "చూశాక?" అన్నారు. చూశాక, హుక్కులు ఎటున్నాయో నాకు వెంటనే కనపడలేదు. జాకెట్టు దూరంగా పెట్టి చూడాల్సి వచ్చింది. అప్పుడు కనపడింది. ఈ మాట నా నోటి నుంచి వచ్చేదాకా నాకే తెలియదు. ఆ పొద్దున సూదిలో దారం ఎక్కించడానికి అయిదారుసార్లు ప్రయత్నించి, ఎవరూ చూడకుండా ఆ పిల్లకే ఇచ్చి ఎక్కించుకున్నాను. నల్ల గుడ్డ మీద నల్ల దారం కనపడక ముందు రోజు ఒక జాకెట్టు మర్నాటికి వాయిదా వేశాను. నా కళ్లు పోతున్నాయని, కళ్లు పోతే కుట్టుపని పోతుందని, కుట్టుపని పోతే మేం ఏం తింటామని ఏడెనిమిది నెలలుగా లోపల భయం. ఎవరికీ చెప్పలేదు, నాకు నేనూ చెప్పుకోలేదు. "కళ్లు ఎక్కడ పెట్టుకుని కుడుతున్నావు" అని నేను ఆ పిల్లని అడిగిన ప్రశ్న నాకు నేను వేసుకోవాల్సినది.

మేడమ్ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నా పనిలోంచే ఒక మాట తీశారు. "మీరు జాకెట్టుకి లైనింగ్ వేస్తారు కదా. బయటికి పై గుడ్డే కనిపిస్తుంది. కానీ ఒంటికి తగిలేది ఏది?" అన్నారు. లైనింగే తగులుతుంది. లైనింగ్ కుదించుకుపోతే పై గుడ్డ ఎంత మంచిదైనా ముడతలు పడుతుంది. అప్పుడు మేం పై గుడ్డని ఇస్త్రీ చేస్తూ కూర్చోం, లోపల కుట్లు విప్పుతాం. మన దగ్గర ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు కూడా. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అంటాం. కానీ ఆ సామెతని ఎప్పుడూ ఎదుటివాళ్ల మీదే వాడాను.

మనస్తత్వ శాస్త్రంలో దీనికి లెక్క ఉందట. కొన్ని భావాలు నేరుగా వస్తాయి, కొన్ని మరో భావాన్ని కప్పడానికి దాని మీద వస్తాయి. లెస్లీ గ్రీన్‌బర్గ్ అనే ఆయన కట్టిన చికిత్సా పద్ధతిలో ఈ తేడా చాలా ముఖ్యమని చెప్పారు. భయంలో, సిగ్గులో, దుఃఖంలో మనం చేతకానివాళ్లలా కనిపిస్తామని అనిపిస్తుంది. కోపం ఒంటికి బలం ఇస్తుంది, అందుకే మనసు దాన్ని ముందుకి తోస్తుంది. ఇది విన్నాక నాకు నా మీద అసహ్యం కాస్త తగ్గింది. రెండు రోజుల తర్వాత కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. నలభై దాటాక చాలామందికి వచ్చే చత్వారమే. దగ్గరి చూపుకి అద్దాలు రాసిచ్చారు. అద్దాలు పెట్టుకుని నల్ల గుడ్డ మీద నల్ల దారంతో మొదటి కాజా కుట్టిన రోజు ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజు అరిచింది దాని మీద కాదని, నా కళ్ల భయమని చెప్పాను. అది తల వంచుకుని హుక్కులు లెక్కపెడుతూ, "నాకు తెలుసు అత్తా, సూదిలో దారం ఎక్కించమని ఇచ్చేవుగా" అంది. దానికి తెలుసు. నాకే తెలియదు.

మూడో సిట్టింగు నాకు అన్నింటికంటే విలువైనది. మా అబ్బాయి విశాఖలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, రెండో ఏడు. ఫోన్ చేయడు. ఆదివారం నేనే చేస్తే "చెప్పమ్మా" అంటాడు. ఆ చెప్పమ్మా అన్న మాటకే నాకు మండిపోయేది. ఫీజు గురించో, గడ్డం గురించో పట్టుకుని తిట్టి పెట్టేసేదాన్ని. ఇది చెప్తే మేడమ్ తెల్లకాగితం ఇచ్చి, మన తెలుగులో కోపానికి ఎన్ని పేర్లుంటే అన్నీ రాయమన్నారు. కోపం, చిరాకు, విసుగు, రోషం, ఉక్రోషం, అలక, కినుక, కసి, మంట. తొమ్మిది వచ్చాయి. ఒక్కొక్కదాని లోపల ఏముందో మీరే చెప్పండి అన్నారు. ఇద్దరం కలిసి ఆలోచించాం. ఉక్రోషంలో ఏడుపు ఉంటుంది, ఏమీ చేయలేకపోవడం ఉంటుంది. రోషంలో పరువు ఉంటుంది. కసిలో తీరని పాత బాకీ ఉంటుంది. విసుగులో అలసట ఉంటుంది. అలకలో మాత్రం ఎదుటివాళ్లు వచ్చి బతిమాలతారన్న ఆశ ఉంటుంది, పరాయివాళ్ల మీద ఎవరూ అలగరు.

అప్పుడు ఆవిడ ఒడియాలో ఒక మాట అన్నారు. "మీ అబ్బాయి మీద మీకున్నది రాగ కాదమ్మా, అభిమాన." ఒడియాలో అభిమాన అంటే మనకి కావాల్సినవాళ్లు పట్టించుకోకపోతే మనసు నొచ్చుకుని బిగుసుకుపోవడం. తెలుగులో అభిమానం అంటే ప్రేమ, ఇష్టం. అభిమానం దెబ్బతింది అంటే మనసుకి తగిలింది అని. రెండు భాషలూ కలిపి చూస్తే ఆ ఒక్క మాటలో ప్రేమ, నొప్పి రెండూ ఉన్నాయి. నేను ఏడ్చాను. మేడమ్ టిష్యూ డబ్బా నా వైపు జరిపి గడియారం చూడకుండా కూర్చున్నారు. ఆ రోజు పది నిమిషాలు ఎక్కువే ఇచ్చారు, డబ్బులు మాత్రం ఎక్కువ తీసుకోలేదు. తెలుగు, ఒడియా రెండూ తెలియని మనిషి దగ్గర ఈ మాట నాకు దొరికేది కాదు. సరిహద్దు ఊళ్లలో ఉన్నవాళ్లు కౌన్సెలర్‌ని వెతుక్కునేటప్పుడు ఇది చూసుకోవాలి. తిట్టుకునే భాషలో, ఏడ్చే భాషలో మాట్లాడగలిగినవాళ్లు కావాలి.

పేరు పెట్టడం ఊరికే మాటల ఆట కాదు. లోపలి భావానికి సరైన పేరు పెట్టినప్పుడు మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే భాగం కాస్త నెమ్మదిస్తుందని 2007లో మాథ్యూ లీబర్‌మన్ అనే పరిశోధకుడి బృందం మెదడు స్కానింగులతో చూపించిందట. దిండుని గుద్దితే, గట్టిగా అరిచేస్తే కోపం పోతుందని నేనూ నమ్మేదాన్ని. అది కూడా నిలబడలేదని చెప్పారు. 2024లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు 154 అధ్యయనాలని, పదివేల మందికి పైగా మనుషుల వివరాలని కలిపి చూస్తే, కోపాన్ని వెళ్లగక్కడం వల్ల తగ్గిన దాఖలా కనపడలేదు. నెమ్మదిగా ఊపిరి తీయడం, కండరాలు వదులు చేయడం, ధ్యానం లాంటి, ఒంటి వేడిని దించే పనులే పనిచేశాయి. గుండె దడదడలాడుతున్నప్పుడు మాట్లాడొద్దు, ఒళ్లు సర్దుకోవడానికి కనీసం ఇరవై నిమిషాలు పడుతుంది, ఆ ఇరవై నిమిషాలూ లోపల వాదన నడపకూడదు అన్నారు. నేను బాబిన్లు చుట్టుకుంటాను. పన్నెండు రంగుల బాబిన్లు చుట్టేసరికి ఇరవై నిమిషాలు అవుతుంది.

నాలుగో సిట్టింగులో గాలి సంగతి వచ్చింది. అది మా ఆయన పట్టుకున్నది. "నీకు గాలి వస్తే కోపం వస్తుంది" అన్నారాయన, నేను పుస్తకంలో రాసుకున్నవి చదివి. చూస్తే నిజమే. వేసవి సాయంత్రాల్లో కాలబైశాఖి గాలి లేచినప్పుడల్లా నేను ఎవరో ఒకరి మీద పడ్డాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లా అంతా అల్లాడిపోయింది. మా షాపు మీది రేకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే ఆ చప్పుడు వింటూ, పన్నెండేళ్ల మా అబ్బాయిని కటింగ్ టేబుల్ కిందకి లాక్కుని కూర్చున్నాను. రెండు మిషన్లు, ఒక పెళ్లివాళ్ల జాకెట్లన్నీ తడిసిపోయాయి. నష్టం తీర్చుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఆ భయం మాత్రం ఒంట్లోనే ఉండిపోయింది. రేకు చప్పుడు వినగానే దవడ బిగుస్తుంది, దవడ బిగిశాక నోట్లోంచి తిట్టు వస్తుంది. ఈ మధ్య ఒక సాయంత్రం గాలి లేచినప్పుడు మా ఆయనతో "నాకు భయంగా ఉంది" అన్నాను. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆయన కరెంటు పోయిన షాపులో టార్చిలైటు పట్టుకుని గాలి తగ్గేదాకా మిషను పక్కన స్టూలు మీద కూర్చున్నారు.

ఐదో సిట్టింగు చిన్నది. ఒకావిడ బరంపురం పట్టు జాకెట్లు నాలుగు కుట్టించుకుని 2,300 రూపాయలు తొమ్మిది నెలలుగా ఇవ్వడం లేదు. ఆవిడ కనపడితే నాకు ఒళ్లు మండుతుంది, దీని కింద ఏముందో ఎంత తవ్వినా దొరకడం లేదు మేడమ్ అన్నాను. "దీని కింద ఏమీ లేదు. ఇది కోపమే. మీకు అన్యాయం జరిగింది, వెళ్లి డబ్బులడగండి" అన్నారు. ఈ మాట వల్లే మేడమ్ మీద నాకు గౌరవం రెట్టింపైంది. అన్ని కోపాలనీ తవ్వి మెత్తబరచడం కూడా తప్పే. పేదవాని కోపం పెదవికి చేటు అని నోరు మూసుకునేవాళ్లకి ఈ తేడా చెప్పేవాళ్లు కావాలి. వెళ్లి, గొంతు పెంచకుండా, లెక్క కాగితం చూపించి అడిగాను. రెండు విడతల్లో ఇచ్చేసింది.

వెళ్లాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు ఉంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, అడగడం తప్పు కాదు. మందులు రాసేది సైకియాట్రిస్టు. బరంపురం పెద్ద ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఆ విభాగం ఉంది. ఆ కాలేజీకి మా పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరే పెట్టారు. ఫీజు పెట్టుకోలేనివాళ్లు 14416కి ఫోన్ చేయొచ్చు. టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన సేవ, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది. ఇంట్లో చెయ్యి చేసుకునే మనిషి ఉంటే మాత్రం అతని కోపం కింద ఏముందో వెతికే పని మీరు పెట్టుకోకండి. ముందు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

ఐదుకి నాలుగు ఇస్తాను. పోయిన ఒక మార్కు వెయిటింగ్ హాలుకి, తెలుగు ఫారం లేనందుకు. గది గోడలు పల్చగా ఉండటం కూడా వాళ్లు చూసుకోవాలి, పక్క గదిలో దగ్గు వినపడుతుంది. మేడమ్‌కి మాత్రం ఐదుకి ఐదు. నాకు కోపం పోలేదు. పోయిన వారం కూడా మా ఆయన మీద అరిచాను. కానీ మూడో గడి ఇప్పుడు ఖాళీగా ఉండటం లేదు.

దసరా కుట్లు అయ్యాక ఆరో సిట్టింగుకి రాయించుకున్నాను. మా అబ్బాయికి ఫోన్‌లో ఆ అభిమాన అన్న మాట గురించి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఏ రోజు, ఏ రైలు అని అడిగాడు. తను విశాఖ నుంచి నేరుగా బరంపురం స్టేషనుకి వస్తాడట.